కట్టె చీల్చు హైడ్రాలిక్ యంత్రము: గ్రామమున చేయించుకొనువారికి కొన్ని సూచనలు

చింతలపూడి ప్రాంతము మెట్ట. దక్షిణముగా కొల్లేటి వైపు దిగిన కొలది వరిచేలు, చేపల చెరువులు, కాలువలే గాని వంటచెరకునకు తగిన చెట్టు తక్కువ. ఇచ్చటి ఎఱ్ఱనేలలలో మామిడి, జీడిమామిడి, జామాయిలు, సుబాబులు తోటలు కలవు. చేల గట్లపై వేప, తుమ్మ కలవు. చింత సంగతి చెప్పనక్కరలేదు, ఊరి పేరులోనే యున్నది. అందుచే ఈ మెట్టకు కట్టెయు ఒక పంట వంటిదే. తూర్పున జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు పొగాకు బ్యారన్లకును, పల్లపు ఊళ్ల కట్టెల అడితులకును, హోటళ్లకును, పెండ్లివంటలకును, తుదకు శ్మశానవాటికలకును కట్టె కావలసియున్నది.

ఇంటింటికి గ్యాసు పొయ్యి వచ్చినను ఈ అక్కర తీరలేదు. వర్జీనియా పొగాకు ఆకు మ్రగ్గి, పసుపు రంగు తిరిగి, ఈనెతో సహా ఎండుటకు బ్యారను పొయ్యి అయిదాఱు దినములు రాత్రింబవళ్లు మండుచుండవలెను. కట్టె వాడు బ్యారనులో కిలో ఎండుటాకునకు నాలుగైదు కిలోల కట్టె పట్టునని లెక్క. ఒక శవదహనమునకు నాలుగైదు వందల కిలోలు పట్టును. ఇంత కట్టెను గొడ్డలితో, సమ్మెటతో, ఇనుప చీలలతో చీల్చుచున్నారు. జామాయిలు పచ్చిగా నున్నప్పుడు నాలుగు దెబ్బలకు విచ్చును. ఎండిన తరువాత గొడ్డలిని పట్టుకొని విడువదు. చింతమొద్దు పోగులు ఒకదానితో నొకటి పెనవైచుకొని యుండును. మాంసము కొట్టువారు ఏండ్ల తరబడి వాడు మొద్దు చింతదే యగుటకు కారణమిదియే. అట్టి దానిని చీల్చు మనిషి భుజములు నలుబది యేండ్లకే అరిగిపోవును.

ఇటీవల కొన్ని గ్రామములలో ట్రాక్టరు నూనె ఒత్తిడితో కట్టె చీల్చు యంత్రములను స్థానికముగా చేయించుకొను ఆలోచన పుట్టుచున్నది. ఆలోచన మంచిదే. ఒక మంచి వెల్డరు, ఒక లేతు పనివాడు ఉన్నచో ఈ యంత్రము ఏలూరులోగాని తాడేపల్లిగూడెములోగాని తయారు కాగలదు. అయితే, చేయించువారు మొదట అడుగు ప్రశ్న "ఎన్ని టన్నుల బలము?" అని. ఆ బలము సులభముగానే వచ్చును. దానిని తలచిన క్షణమున ఆపగల ఏర్పాటు, ఆ బలమునకు ఆగగల ఇనుపకట్టు, ఈ రెండింటికే ఎక్కువ యోచనయు, ఎక్కువ వ్యయమును కావలెను. ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఆ సంగతియే.

చీల్చుట ఎందులకు?

దుంగను దుంగగానే మండింపరాదా యని అడుగవచ్చును. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. ఒక కిలో నీరు మఱుగునకు వచ్చిన పిదప ఆవిరియై పోవుటకే 540 కిలోకేలరీల వేడి కావలెను. ఆ వేడి కట్టె తన మంటనుండియే ఇచ్చుకొనవలెను. కనుక పచ్చికట్టె కిలో ఒకటింటికి ఇచ్చు వేడి, బాగుగా ఎండిన కట్టె ఇచ్చు వేడిలో సగమునకు ఇంచుమించుగా ఉండును. తక్కిన భాగము పొగయై కంటికి, ఊపిరికి చేటు చేయును.

బెరడుతో నున్న నిండుదుంగ వేసవియంతయు ఎండలో పడియున్నను లోపలి పచ్చిదనము పోదు. బెరడు నీటిని బయటకు రానీయదు. కోసిన కొసలనుండియు, చీల్చిన ముఖములనుండియు మాత్రమే నీరు త్వరగా పోవును. ఒక దుంగను నాలుగు పేళ్లుగా చీల్చినచో గాలి తగులు ముఖములు ఎన్నియో రెట్లు పెరుగును. కట్టెను ముందుగా చీల్చి ఎండబెట్టిన గ్రామము అదే పనికి తక్కువ చెట్లు నరకును. పంచాయతీ ఈ యంత్రమును గూర్చి యోచించుటకు ఇది చాలినంత కారణము.

యంత్రము వచ్చినచో కట్టెకొట్టువారి బ్రదుకేమగునని కొందఱనుట కద్దు. ప్రశ్న న్యాయమైనదే. కోత, మోత, పేర్పు పనులు యంత్రము చేయదు. అది చేయునది ముడికట్టెను చీల్చుట మాత్రమే. యంత్రమును నడుపు పనిని ఆ కట్టెకొట్టువారికే నేర్పి, టన్నునకు ఇంతయని వారికే కట్టబెట్టుట మేలు. ఏ దుంగ ఎటు విచ్చునో వారికి తెలిసినట్లు మఱియొకరికి తెలియదు.

నూనెకు ఇంత బలమెక్కడిది?

మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అంతటను సమానముగా వ్యాపించునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ పదునేడవ శతాబ్దమున నిరూపించెను. ఆ సూత్రముపై 1795లో ఇంగ్లండున జోసెఫ్ బ్రామా అను పనివాడు హైడ్రాలిక్ ప్రెస్సునకు పేటెంటు పొందెను. ప్రత్తి బేళ్లు, జనుము బేళ్లు నొక్కిన ప్రెస్సులు ఆ వంశమువే. లారీ చక్రము మార్చునప్పుడు డ్రైవరు చేతిలో నుండు చిన్న నూనెజాకీయు ఆ వంశపుదే. ట్రాక్టరు వెనుక నాగలిని ఎత్తు దింపు అమరికను హ్యారీ ఫెర్గూసన్ అను ఐర్లండు దేశీయుడు రూపొందించెను. 1936 నుండి అమ్మకమునకు వచ్చిన అతని ట్రాక్టరులో అది నూనె ఒత్తిడితోనే పనిచేసినది. నేడు మన పొలములలో తిరుగు ట్రాక్టరులన్నిటికిని అట్టి అమరిక కలదు.

లెక్క మిక్కిలి తేలిక. సిలిండరు లోవ్యాసము 100 మిల్లీమీటర్లు అనుకొందము. పిస్టను ముఖవైశాల్యము 78.5 చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 150 కిలోలైనచో త్రోపు 11,775 కిలోలు, అనగా పదునొకండున్నర టన్నులకు పైమాట. 80 మిల్లీమీటర్ల సిలిండరైనచో ఏడున్నర టన్నులు, 125 మిల్లీమీటర్లదైనచో పదునెనిమిది టన్నులు దాటును. మన సుబాబులు, జామాయిలు, మామిడి కట్టెకు 100 మిల్లీమీటర్లది చాలును. చింతముడిని కూడ చాలవరకు లొంగదీయును. లొంగనిచోట దుంగను ప్రక్కకు పెట్టుట మంచిది. పెద్ద సిలిండరునకు ఆశపడరాదు.

ఎందుకనగా, బలము పెరిగినచో వేగము తగ్గును. 100 మిల్లీమీటర్ల సిలిండరు 60 సెంటీమీటర్లు ముందునకు సాగుటకు 4.7 లీటర్ల నూనె కావలెను. నిమిషమునకు 20 లీటర్లిచ్చు పంపుతో పోక 14 సెకండ్లు, వెనుకకు రాక సుమారు 11 సెకండ్లు. 125 మిల్లీమీటర్లదానికి పోకయే 22 సెకండ్లు పట్టును. దినమునకు కొన్ని వందల దుంగలు చీల్చునప్పుడు ఈ భేదము చిన్నది కాదు. ఇక 14 సెకండ్లు మెల్లన యని విసుగుకొనువారును ఉందురు. ఆ మందగమనమే ఈ యంత్రపు సుగుణము. గొడ్డలివలె ఎగిరిపడదు, చేయి తీసికొనుటకు వ్యవధి యిచ్చును.

ట్రాక్టరు లేక విద్యుత్తుతో నడుపదలచినచో 5 అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు ఈ ఒత్తిడివద్ద నిమిషమునకు సుమారు 12 లీటర్ల నూనె నీయగలదు. అప్పుడు పోకకు 23 లేక 24 సెకండ్లు. మోటారునకును పంపునకును నడుమనున్న జోడింపుపై తప్పక రేకు కప్పు ఉండవలెను. పంచె చెఱగు, కండువా అందులో చిక్కినచో మనిషిని లాగును. వ్యవసాయ పంపుసెట్టునకు ఇచ్చిన కనెక్షనునుండి ఈ మోటారును నడుపుట 2003 విద్యుచ్ఛట్టము ప్రకారము అనుమతి లేని వాడుక యగును. పంచాయతీయే అట్టి పని చేసి అపరాధ రుసుము కట్టుట శోభింపదు.

ఇనుపకట్టు

యంత్రమునకు వెన్నెముక ఒక ఐ గర్డరు. దానిపై ఒకకొసన సిలిండరు, రెండవకొసన ఉక్కు చీల. నడుమ దుంగ. పిస్టను కొసనున్న మందపు పలక దుంగను చీలపైకి నెట్టును. చీల దుంగలో దూరి రెండుగా విడదీయును. చూచుటకు ఇంతే.

ఇచ్చట చాలమంది పొరబడు సంగతి యొకటి కలదు. ఈ పన్నెండు టన్నుల బలమును భూమి మోయదు. సిలిండరు వెనుకకు తన్నును, చీల ముందునకు తన్నబడును. గర్డరు ఈ రెండింటి నడుమ సాగదీయబడుచు, విల్లువలె వంపబడుచు మొత్తము బలమును తానే మోయును. చీల గర్డరు పైముఖముపై నిలిచియుండును గనుక, బలము పట్టుచోటు గర్డరు నడిమినుండి ఎంత ఎత్తున నున్నదో వంపు అంత ఎక్కువ. కావున సిలిండరును ఎంత వీలైన అంత క్రిందుగా బిగించవలెను. 100 మిల్లీమీటర్ల సిలిండరునకు 200 మిల్లీమీటర్ల ఎత్తుగల ఐ గర్డరుకన్న చిన్నది వాడరాదు. అది మీటరునకు సుమారు 25 కిలోలు తూగును. రెండు మీటర్ల ముక్క కావలెను, అనగా 51 కిలోల వఱకు ఇనుము. పాత రేకులషెడ్డు విప్పినప్పుడు మిగిలిన పలుచని చానలు చవుకగా వచ్చినదని దానితో కట్టిన యంత్రము కొలది దినములలోనే మెలితిరుగును.

యంత్రపు ధర ఇచ్చట వ్రాయుటలేదు. ఉక్కు ధర నెలనెలకు మారును. పైన ఇచ్చిన తూకములతో పంచాయతీవారు తమ ఊరి ధరకు లెక్క వేసికొనవచ్చును.

చీలను 20 లేక 25 మిల్లీమీటర్ల మందపు ఉక్కుపలకతో చేయింపవలెను. ఎత్తు 20 నుండి 25 సెంటీమీటర్లు. అంచు కత్తివలె పదునుగా నుండనక్కరలేదు. మిక్కిలి పదునైన అంచు ముడి తగిలినప్పుడు మడతపడును. అంచు వెనుక ఇరుప్రక్కల పలకలు చేర్చి క్రమముగా లావగునట్లు చేసినచో పోగులను కోయక విప్పును. లారీ కమాను పట్టీలు దృఢమైనవని వానిని ముక్కలు చేసి చీలగా అతికించుట కొందఱి అలవాటు. ఆ ఉక్కు మామూలు వెల్డింగునకు లొంగదు, అతుకు ప్రక్కనే పెళుసుబాఱి విఱుగును. మెత్తని ఉక్కు చీలయే మేలు. అరిగినచో మఱల వెల్డింగుతో నింపుకొనవచ్చును.

చీల గర్డరుతో కలియుచోట వెల్డింగు నలువైపుల పూర్తిగా నుండవలెను. వెనుకవైపు రెండు త్రికోణపు ఊతపలకలు తప్పనిసరి. దుంగ నెట్టుచున్నప్పుడు చీల వెనుకకు ఒఱగ జూచును, ఆ ఒఱపును ఆపునవి ఈ పలకలే. సిలిండరు వెనుకభాగమును మాత్రము గర్డరునకు వెల్డింగుతో అతుకరాదు. లావు చీలతో కీలువలె బిగించినచో సిలిండరు కొంచెము సర్దుకొనును, పిస్టను కడ్డీ వంగదు. పలక ముందునకు పూర్తిగా సాగినప్పుడు చీల అంచునకు రెండు సెంటీమీటర్ల దూరముననే ఆగునట్లు కొలతలు అమర్చవలెను.

సిలిండరు సంపాదించుటలో ఒక హెచ్చరిక. ట్రాక్టరు తొట్టిని ఎత్తు సిలిండరులలో పెక్కు ఒకవైపు మాత్రమే నెట్టును. తొట్టి బరువే దానిని దింపును. అది కట్టెయంత్రమునకు పనికిరాదు, ముందునకు పోయిన పలక వెనుకకు రాదు. రెండువైపుల నూనె ఎక్కు సిలిండరే కావలెను. మన్ను త్రవ్వు యంత్రములనుండి విప్పిన పాత సిలిండరులు విజయవాడ ఆటోనగరువంటి చోట్ల దొరకును. కొనుటకు ముందు కడ్డీని పూర్తిగా బయటకు లాగి, వ్రేలిగోటితో నిలువున గీచి చూడవలెను. గోరు తగులుకొన్నచో ఆ గీత సీలును కోయుచున్నదన్నమాట. పాత సిలిండరును డీజిలుతో కడిగి, సీలులు మార్పింపక ట్రాక్టరునకు తగిలించుట ట్రాక్టరునకే ద్రోహము. అనేక ట్రాక్టరులలో గేరుపెట్టె నూనెయు హైడ్రాలిక్ నూనెయు ఒక్కటే. సిలిండరులోని ఇసుక, ఇనుపరజను గేరులకు చేరును.

ప్రత్యేకపు తొట్టి పెట్టుకొన్నచో 40 లీటర్లు పట్టునది చాలును. మన ఎండలకు 46 లేక 68 తరగతి హైడ్రాలిక్ నూనె తగినది. తిరిగివచ్చు గొట్టమునకు వడపోత నుండవలెను. గొట్టములు రెండు వరుసల ఉక్కుతీగ అల్లికగలవి కొనవలెను. నీటి పైపు, ఎరువుల మందు చల్లు పైపు ఎంత గట్టివైనను ఇచ్చట వాడరాదు.

ఆపు ఏర్పాటు

ఇక అసలు విషయము. యంత్రమును నడుపు పిడి చేయి తీసినంతనే తనంతట తాను నడిమికి వచ్చి, పిస్టను ఆగవలెను. స్ప్రింగుగల వాల్వు ఈ పని చేయును. కొందఱు పని త్వరగా సాగుటకై పిడిని త్రాటితో కట్టివేయుదురు, లేక ముందువైపు కూడ తానే నిలిచియుండు వాల్వును కొందురు. వెనుకకు వచ్చునప్పుడు పిడి తానుగా నిలిచినను ఫరవాలేదు. ముందునకు పోవునప్పుడు నిలువనే రాదు. వాల్వు కొనునప్పుడు ఈ ఒక్క వాక్యము దుకాణదారుతో చెప్పి కొనవలెను.

ఐరోపా దేశములలో కట్టెచీల్చు యంత్రములకు ఈఎన్ 609 అను ప్రమాణము కలదు. దాని ప్రకారము నడుపువాని రెండు చేతులును పిడులపై నున్నప్పుడే చీల్చు కదలిక సాగవలెను. రెండు చేతులును పిడులపై నున్న మనిషి వ్రేళ్లు చీలక్రింద పడుట అసాధ్యము. దీనికి ఖరీదైన సాధనము అక్కరలేదు. రెండు పిడులను ఒక అడ్డుకమ్మీకి ఇరుకొసల తగిలించి, కమ్మీ నడిమి భాగము వాల్వును నెట్టునట్లు చేసినచో ఒక పిడి నొక్కినప్పుడు కమ్మీ ఒఱగునే గాని వాల్వు పూర్తిగా తెఱచుకొనదు. రెండును నొక్కినచో తెఱచుకొనును. మన లేతు పనివారికి చిత్రము గీచి చూపినచో ఒక పూటలో చేయగలరు. ఒంటిపిడి యంత్రమునకు పంచాయతీ సొమ్ము ఖర్చుపెట్టరాదని మా అభిప్రాయము.

రెండు చేతులును పిడులపై నున్నప్పుడు దుంగను పట్టుకొనువారెవరు? ఇచ్చటనే ప్రమాదము పొంచియున్నది. ఒకడు పిడి పట్టి, మఱియొకడు దుంగ పట్టుట మన ఊళ్లలో సహజముగా తోచు ఏర్పాటు. వ్రేళ్లు పోవునది ఆ ఏర్పాటువలననే. ఒకడు "ఊఁ" అనును, రెండవవాడు "ఆగు" అనునది యంత్రపు చప్పుడులో వినబడదు. దుంగను మనిషి పట్టుకొననక్కర లేకుండ గర్డరుకు ఇరుప్రక్కల తొట్టెవలె ఏటవాలు పలకలు అమర్చవలెను. దుంగ అందులో కూర్చుండును. దుంగ పెట్టినవాడే పిడి పట్టవలెను. రెండవవాడు పేళ్లు తీయువాడుగా మాత్రమే, యంత్రము ఆగిన పిదప మాత్రమే, దగ్గరకు రావలెను.

మిత్రభేదమున కోతి కథ అందఱును చిన్ననాట విన్నదే. సగము చీలిన దూలముపై కూర్చుండి, వడ్రంగి నాటిన చీలను ఊడబెఱికి నలిగి చచ్చినది. సగము విచ్చిన కట్టె సందు మూసికొను వేగము ఎట్టిదో ఆ కథ చెప్పినవారు ఎఱుగుదురు. చీలకు తగులుకొని సగము విచ్చిన దుంగను చేతితో లాగుట సరిగ్గా ఆ కోతి పనియే. చీలకు ఇరుప్రక్కల రెండు కొక్కెములు బిగించినయెడల పలక వెనుకకు వచ్చునప్పుడు దుంగను గడ్డపాఱతో దూరమునుండి వానికి ఆనించి వదలించుకొనవచ్చును.

దుంగ కొసలు అడ్డముగా, సమముగా కోసియుండవలెను. ఏటవాలుగా తెగిన కొస పలకపైనుండి జాఱి ఎగిరిపడును. పోగులకు అడ్డముగా దుంగను పెట్టి త్రుంచ జూచుట మఱింత అపాయము. లావు దుంగను మొదటనే నడిమికి చీల్పబోక, అంచులనుండి పేడు తరువాత పేడుగా తీసికొనుచు రావలెను. ఇంకొక సంగతి. 50 సెంటీమీటర్ల లావు, 60 సెంటీమీటర్ల పొడవుగల పచ్చిదుంగ నూఱు కిలోలు దాటును. అట్టి దానిని నడుమెత్తునకు ఎత్తి పెట్టుటలో నడుము పట్టినచో యంత్రమువలన కలిగిన లాభమేమి? నేలనుండి దొరలించి ఎక్కించుటకు ఒక వాలుబల్ల యంత్రముతోపాటే చేయించవలెను.

మోటారు ఇరుసునకో, ట్రాక్టరు ఇరుసునకో మరచుట్టుగల ఉక్కు శంకువును బిగించి కట్టెను గ్రుచ్చి చీల్చు పరికరములు చవుకగా దొరకుచున్నవి. అవి హైడ్రాలిక్ యంత్రములు కావు. తిరుగుచున్న మర కట్టెనే కాదు, చేతితొడుగును, చొక్కాచేతిని కూడ అదే రీతిగా లోనికి లాగికొనును. చేయి తీసినంతనే ఆగదు. పంచాయతీలు వానిని ప్రోత్సహింపరాదు. నూర్పిడి యంత్రములు క్రొత్తగా వచ్చిన దినములలో మన దేశమున ఎందఱో కూలీలు చేతులు పోగొట్టుకొనిరి. దానివలననే 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము చేయవలసివచ్చినది. దెబ్బతిన్నవారికి నష్టపరిహారపు ఏర్పాటు కూడ ఆ చట్టమున కలదు. చేతులు పోయిన తరువాత వచ్చిన చట్టమది.

పరీక్ష

యంత్రము వచ్చిన దినముననే కొబ్బరికాయ కొట్టి చింతదుంగ ఎక్కించరాదు. మొదట దుంగ లేకుండ పిస్టనును పదిసార్లు ముందు వెనుకలకు నడిపి గాలిని పోగొట్టవలెను. ఒత్తిడి చూపు గడియారము లేని యంత్రమును స్వీకరింపరాదు. అధిక ఒత్తిడిని వదలు వాల్వు మొదట 80 వద్ద, పిదప 120 వద్ద, తుదకు 150 వద్ద సరిచేసి, ఒక్కొక్కప్పుడు లొంగని దుంగను పెట్టి చూడవలెను. గర్డరు ఒకకొసనుండి రెండవకొసకు దారము బిగించి కట్టినచో ఎంత వంగుచున్నదో కంటికి కనబడును. బలము తీసినంతనే గర్డరు మఱల దారమునకు సమముగా రావలెను. రానిచో ఆ గర్డరు పనికిరాదు.

వెల్డింగులను చూచుటకు మన ఊరి పద్ధతి యొకటి చాలును. అతుకుపై కిరసనాయిలు పూసి, కొంతసేపటికి పొడిగుడ్డతో తుడిచివేసి, సుద్దపొడిగాని పలుచని సున్నముగాని పూయవలెను. పగులున్నచోట దాగిన నూనె పైకి ఊఱి తెల్లనిదానిపై సన్నని గీతగా కనబడును. ఈ పరీక్ష నెలకొకసారి చేయుట ఐదు నిమిషముల పని.

నూనె కారుచున్నదా యని గొట్టమువెంబడి చేతితో తడవిచూచుట మాత్రము ఎన్నడును చేయరాదు. సూదిమొనంత రంధ్రమునుండి 150 కిలోల ఒత్తిడితో వచ్చు నూనె చర్మమును తొలిచి లోనికి పోవును. పైకి చీమకాటంత గుఱుతు కూడ కనబడకపోవచ్చును, నొప్పియు మొదట తక్కువ. కొన్ని గంటలలో లోపలి కండ కుళ్లనారంభించును, వ్రేలో చేయియో తీసివేయవలసి వచ్చును. అట్టిది జరిగెనని అనుమానము కలిగినను పసరు, పసుపు పెట్టి కూర్చుండక వెంటనే శస్త్రచికిత్స గల ఆసుపత్రికి పంపి, నూనె ఒత్తిడితో లోనికి పోయినదని వైద్యునికి స్పష్టముగా చెప్పవలెను. కారు చోటును అట్టముక్కతో వెదకవచ్చును.

పంచాయతీ ఏర్పాటు

యంత్రము ఒక రైతు ఇంటిలో నున్నచో సంవత్సరమున నలుబది దినములు పనిచేసి, తక్కిన దినములు వానలో త్రుప్పు పట్టును. పది గ్రామములకు ఒకటి తిరిగినచో దాని వెల త్వరగా రాబట్టుకొనవచ్చును. రెండు చక్రములపై అమర్చి ట్రాక్టరు వెనుక తగిలించుకొనిపోవునట్లు చేయుట మంచిది. అద్దె ఎంతయో, ఎవరు నడుపవలెనో, పదునెనిమిదేండ్లలోపు వారిని దగ్గరకు రానీయరాదనియు పంచాయతీ తీర్మానముగా వ్రాసికొనవలెను. నడుపువాడు ఒక్కడే బాధ్యుడుగా నుండవలెను. అద్దెకు తీసికొన్న రైతు "నేనే నడుపుకొందును" అన్నను ఒప్పుకొనరాదు. ఈ విషయమున మొగమాటము పనికిరాదు. గంటల లెక్క పుస్తకమున వ్రాసిన, నూనె ఎప్పుడు మార్చవలెనో, సీలు ఎప్పుడు మార్చిరో తెలియును.

యంత్రమున్నదిగదా యని చెట్లను ఇష్టము వచ్చినట్లు నరకుటకు వీలులేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ప్రకారము చెట్టు నరకుటకు ముందుగా అనుమతి పొందవలెను. తుపానులకు కూలిన చెట్లు, తోటలు మార్చునప్పుడు తీసిన జీడిమామిడి, మామిడి మ్రాకులు, సుబాబులు కోతలో మిగిలిన లావు మొదళ్లు, ఈ యంత్రమునకు చాలినంత మేత.

వేళ విషయము. మెట్టలో పొగాకు ఆకు కోత జనవరిలో ఆరంభమగును. ఆ బ్యారనులకు కావలసిన కట్టెను డిసెంబరులో చీల్చిన ప్రయోజనము లేదు. ముందటి మార్చి, ఏప్రిలు మాసములలో, కొట్టిన కట్టె ఇంకను పచ్చిగా నున్నప్పుడే చీల్చినచో యంత్రమునకును శ్రమ తక్కువ, వేసవి ఎండయంతయు కట్టెకు దక్కును. పేళ్లను నేలపై కుప్పగా పోయక, అడుగున రెండు దుంగలు పఱచి, గాలి ఆడునట్లు సందులతో పేర్చి, జూను వానలకు ముందే పైన మాత్రము రేకు కప్పవలెను. ప్రక్కలు మూయరాదు.

శ్మశానవాటికల నిర్వహణ 1994 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామ పంచాయతీ విధులలోనిదే. శ్రావణ భాద్రపద మాసముల ముసురులో పచ్చిదుంగలు అంటుకొనక, టైర్లు, కిరసనాయిలు తెప్పించి, బంధువులు తెల్లవార్లు వానలో నిలువవలసి వచ్చుట ఎఱుగని గ్రామము లేదు. వాటిక ప్రక్కనే నాలుగు స్తంభముల రేకు పందిరి వేసి, ఒక దహనమునకు చాలునట్లు 500 కిలోల చీల్చి ఎండిన కట్టె అందు ఎల్లప్పుడును నిలువయుంచవలెను. వాడిన వారములోగా మఱల నింపు బాధ్యత యంత్రము నడుపువానికే అప్పగించి, దానికి టన్నునకు కూలి పంచాయతీ నిధినుండి చెల్లింపవచ్చును.